వంటింట్లోకి కొత్త మనిషిని తీసుకునే ముందు మత్తు పరీక్ష: విశాఖలో ఎవరైనా చేయిస్తున్నారా?

ఇసుకతోట_హోటలు | శుక్రవారం, రాత్రి 11.52

అందరికీ నమస్కారం. ఇసుకతోట దగ్గర మాకు అరవై మంది కూర్చునే హోటలు ఉంది. వంటింట్లో పదకొండు మంది, సప్లయర్లు, క్లీనర్లు కలిపి మరో పదమూడు మంది పని చేస్తారు.

నెల క్రితం మధ్యాహ్నం రద్దీలో ఒక హెల్పర్ మరుగుతున్న నూనె బాండీని దించబోయి పక్కవాడి కాలి మీద ఒలకబోశాడు. కాలు కాలిన కుర్రాడు పన్నెండు రోజులు మంచం దిగలేదు. ఆ రాత్రి పనివాళ్ల గది వెతికితే ఒక పరుపు కింద గంజాయి పొట్లం దొరికింది. ఎవరిదని అడిగితే నాది కాదంటే నాది కాదన్నారు. హెల్పర్‌ను పంపేశాను.

ఇక మీదట చేర్చుకునే ముందే పరీక్ష పెడదామని మా మేనేజరు గంజాయి పరీక్ష పట్టీలు పాతిక ఉన్న పెట్టె ఒకటి తెప్పించాడు. మూత్రంలో ముంచితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మొన్న పనికి వచ్చిన ఐదుగురికి చేయిస్తే నలుగురు తప్పారు, ఒక్కడే నెగ్గాడు. ఊరు ఇంత చెడిపోయిందా అని నాకు నిద్ర పట్టడం లేదు. నెగ్గినవాడిని తీసుకున్నాను.

నా సందేహాలు: ఇలా అడగడం చట్టప్రకారం సరైనదేనా? ఇప్పటికే పని చేస్తున్నవాళ్లకు కూడా పెట్టవచ్చా? మీలో ఎవరైనా చేయిస్తుంటే ఖర్చు ఎంత అవుతోంది?

---

గరిటె_మాస్టర్ | శుక్రవారం, రాత్రి 1.20

ఇప్పుడే పొయ్యి ఆర్పి వచ్చాను. ఈ వేళప్పుడు రాస్తున్నానంటేనే మీకు అర్థం కావాలి మా ఉద్యోగం ఎలాంటిదో.

పందొమ్మిదేళ్లుగా వంటిళ్లలో ఉన్నాను. క్లీనరుగా మొదలుపెట్టి, కటింగ్, తర్వాత చైనీస్, ఇప్పుడు తందూరు. ఇసుకతోట గారూ, మీ మీద కోపం లేదు కానీ ఒక్క విషయం అడుగుతాను. ఆ నూనె ఒలికిన రోజు ఆ హెల్పర్ ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నాడు? ఉదయం పదింటికి వస్తారు, నాలుగింటికి రెండు గంటల విరామం అంటారు, ఆ రెండు గంటల్లో గ్రేవీకి ఉల్లిపాయలు ఎవరు కోస్తారు? రాత్రి పన్నెండున్నర దాటితే గాని గది చేరరు. నేవీ డే రోజు బీచి రోడ్డు జనమంతా తిండికి మన మీద పడితే, ఆ రాత్రి నాకు చేతులు నావో కావో తెలియలేదు. ఆ రోజు నాకు మత్తు పరీక్ష చేసి ఉంటే దివ్యంగా నెగ్గేవాణ్ణి. నా చేతికి మాత్రం బాండీ ఇచ్చి ఉండకూడదు.

ఇంకోటి. నూనె బాండీ దించడానికి ఇద్దరు ఉండాలి, బాండీ చెవులకు మందపాటి గుడ్డ ఉండాలి, నేల పొడిగా ఉండాలి. ఈ మూడింటిలో ఆ రోజు ఎన్ని ఉన్నాయి? పొట్లం దొరికింది గదిలో, నూనె ఒలికింది వంటింట్లో. రెంటికీ మధ్య ముడి వేసింది మీరే.

కుర్రాళ్లు తాగరని నేను అనను. తాగుతారు, నేను చూశాను. మత్తులో కత్తి పట్టినవాణ్ణి నేనే చెవి పట్టుకుని బయటికి పంపాను. అందుకు నాకు పట్టీ అవసరం కాలేదు.

---

డాబాగార్డెన్స్_47 | శనివారం, ఉదయం 7.05

మాస్టరు గారి ఉపన్యాసం బాగానే ఉంది, ఒలికిన నూనెకు ఆసుపత్రి బిల్లు కట్టేది యజమానే కదా. పరీక్ష పెట్టండి, తప్పులేదు. అంతకంటే సులభమైన మార్గం ఒకటుంది: ఏజెన్సీ వైపు నుంచి, ఒడిశా వైపు నుంచి వచ్చేవాళ్లను అసలు తీసుకోకండి. సగం బెడద అక్కడే పోతుంది.

---

వాల్తేరు_ప్లీడరు | శనివారం, ఉదయం 9.40

చట్టం గురించి అడిగారు కాబట్టి వరసగా కాకపోయినా చెప్పగలిగినంత చెబుతాను.

హోటలు ఉద్యోగానికి మత్తు పరీక్ష తప్పనిసరి అని చెప్పే నియమం మన దగ్గర లేదు. అలాగని నిషేధమూ లేదు. అభ్యర్థి ఒప్పుకుంటే చేయించవచ్చు. ఆ ఒప్పుకోలు అతనికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఉండాలి. ఒడియా తప్ప చదవలేని వాడితో తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది ఒప్పుకోలు అనిపించుకోదు. ఒకరికి పెట్టి ఇంకొకరిని వదిలేయడమూ కుదరదు. మేనేజరు బావమరిదికి మినహాయింపు ఇచ్చిన రోజే మీ విధానం చచ్చిపోతుంది.

విమానాలు నడిపేవాళ్లకూ, గగనతల నియంత్రణలో ఉండేవాళ్లకూ 2022 జనవరి 31 నుంచి ఇలాంటి పరీక్షలు అమల్లోకి వచ్చాయి. అక్కడ కూడా మొదటి పరీక్షలో తేడా వస్తే మళ్లీ నిర్ధారణ పరీక్ష చేస్తారు. అదీ తేలితే మొదటిసారికి చికిత్సకు పంపుతారు, అంతే తప్ప గేటు బయటికి తోయరు. మీరు ఐదు నిమిషాల పట్టీతో నలుగురిని పంపేశారు.

ఇక 1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్). గంజాయి తాగడం సెక్షన్ 27 కింద నేరమే. ఆరు నెలల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ అదే చట్టంలో 64ఎ అని ఒకటుంది. వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్తే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. అంటే చట్టమే ఒక తలుపు తెరిచి పెట్టింది. మీ పట్టీ మీద గీత కోర్టులో ఎవరి నేరాన్నీ రుజువు చేయదు, కానీ ఆ కుర్రాడి పేరును ఊరంతా చెడగొట్టగలదు. ఫలితం మీ ఒక్కరి దగ్గరే, తాళం వేసిన చోట ఉండాలి. ఉద్యోగుల వాట్సాప్ బృందంలో కాదు.

మీరు నిజంగా భయపడవలసింది సెక్షన్ 25 గురించి. తన ఇంట్లో లేదా ఆవరణలో ఇలాంటి నేరం జరుగుతోందని తెలిసి కూడా ఊరుకున్న యజమానికి శిక్ష ఉంది. పనివాళ్ల గది మీ అద్దె గదేనా? అయితే పొట్లం దొరికిన తర్వాత మీరేం చేశారన్నది పరీక్ష కంటే పెద్ద ప్రశ్న.

ఒక చిన్న మాట. కొందరు ఇదే అదనుగా రక్తపరీక్షలో హెచ్‌ఐవీ కూడా కలిపేస్తున్నారు. ఉద్యోగానికి షరతుగా హెచ్‌ఐవీ పరీక్ష పెట్టడాన్ని 2017 చట్టం స్పష్టంగా నిషేధించింది. ల్యాబువాళ్లు ప్యాకేజీ అన్నా సరే, ఆ గడి కొట్టేయండి.

---

పాడేరు_కాఫీ | శనివారం, ఉదయం 11.15

డాబాగార్డెన్స్ గారికి. నేను పాడేరు వాణ్ణి. తమ్ముడు విశాఖలోనే ఒక పెద్ద హోటల్లో కేకులు చేస్తాడు. మా ఇంట్లో చుట్ట కాల్చినవాడు తాత ఒక్కడే.

మా కొండల్లో గంజాయి పండించారు, కాదనను. ఎవరు పెట్టుబడి పెట్టారు, ఎవరు లారీలు తెచ్చారు, ఎక్కడికి తీసుకుపోయారు? 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన మొదలుపెట్టి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలు కుప్ప పోసి తగలబెట్టారు. ఆ రెండు లక్షల కిలోలు మా పాడేరు, చింతపల్లి వాళ్లు కూర్చుని తాగడానికి దాచుకున్నారని మీ ఉద్దేశమా? తాగేవాళ్లు కిందనే ఉన్నారు. బైకుల మీద, కార్లలో, మీ వీధిలో.

పండించినందుకు జైలుకు పోయింది మా కూలివాడు. ఇప్పుడు పని అడిగితే వద్దనిపించుకునేదీ వాడేనా?

---

డాబాగార్డెన్స్_47 | శనివారం, ఉదయం 11.31

నేను మీ కుటుంబాన్ని అనలేదు. లోకం అనేమాటే అన్నాను.

---

పాడేరు_కాఫీ | శనివారం, ఉదయం 11.34

లోకం ఇక్కడ ఖాతా తెరవలేదు. మీరు తెరిచారు.

---

నిర్వాహకుడు | శనివారం, మధ్యాహ్నం 12.10

దీని తర్వాత వచ్చిన మూడు వ్యాఖ్యలు తొలగించాను. ప్రాంతం పేరు పెట్టి మనుషులను అనేవాళ్లకు ఇక్కడ చోటు లేదు. విషయానికి రండి.

---

సముద్రానికి_అవతల | శనివారం, మధ్యాహ్నం 2.45

నేను పుట్టింది అక్కయ్యపాలెంలో, ఉండేది కాలిఫోర్నియాలో. ఇక్కడ ఒక రెస్టారెంటు వంటిల్లు చూసుకుంటాను. ఈ పరీక్షల పిచ్చి పుట్టిన దేశం ఇదే కాబట్టి నాలుగు మాటలు.

1986లో అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్, ప్రభుత్వ ఉద్యోగులకు మత్తు రహిత కార్యాలయాల ఉత్తర్వు ఇచ్చాడు. 1988లో చట్టం వచ్చింది. అది ప్రభుత్వ కాంట్రాక్టులు చేసేవాళ్లకు, కానీ ప్రైవేటు కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. గోదాముల్లో, లారీల మీద, ఆసుపత్రుల్లో మూత్రం పట్టి ఇమ్మని గ్లాసు చేతికివ్వడం మామూలైపోయింది. వంటిళ్లలో మాత్రం చాలామంది యజమానులు ఆ జోలికి పోలేదు. కారణం నీతి కాదు, లెక్క. ఇక్కడి ప్రభుత్వ సర్వేల్లో 2008 నుంచి 2012 వరకు సగటు తీస్తే, పూర్తికాలం పనిచేసే వాళ్లలో గడిచిన నెలలో ఏదో ఒక నిషిద్ధ మత్తు పదార్థం వాడామన్నవాళ్లు వసతి, ఆహార రంగంలో 19.1 శాతం. అన్ని రంగాల్లోకీ ఇదే ఎక్కువ. అందరికీ పరీక్ష పెడితే శనివారం రాత్రి అంట్లు ఎవరు తోముతారు?

ఇప్పుడు చట్టాలే తిరగబడుతున్నాయి. న్యూయార్క్ నగరం 2020 నుంచి చాలా ఉద్యోగాలకు ముందస్తు గంజాయి పరీక్షను నిషేధించింది. మా రాష్ట్రంలో 2024 జనవరి 1 నుంచి, ఎప్పుడో వాడిన గంజాయి ఒంట్లో వదిలిన అవశేషాలను బట్టి ఉద్యోగం నిరాకరించడం కుదరదు. పనిలోకి మత్తుతో వస్తే మాత్రం ఇంటికి పంపవచ్చు. ఇక్కడ గంజాయి చట్టబద్ధం, అక్కడ కాదు, ఆ తేడా నాకు తెలుసు. కానీ మూత్రం మాత్రం రెండు దేశాల్లోనూ ఒకే కథ చెబుతుంది: అది పోయిన వారం సంగతి, ఈ పూట సంగతి కాదు.

---

గాజువాక_కర్రీ_పాయింట్ | శనివారం, సాయంత్రం 4.20

మధ్యాహ్నం కూరలు అయిపోయాయి కాబట్టి తీరిక దొరికింది. మీరందరూ గంజాయి గంజాయి అంటున్నారు. నా పదకొండేళ్ల వ్యాపారంలో నన్ను ఏడిపించింది గంజాయి కాదు, మందు. అది దుకాణంలో బిల్లు వేసి అమ్ముతారు కాబట్టి ఎవరికీ పట్టదు.

మా వంటమనిషి చేతి పులుసుకు స్టీల్‌ప్లాంటు క్వార్టర్ల నుంచి మనుషులు వచ్చేవారు. ఒకటో తారీఖు జీతం, రెండో తారీఖు నుంచి నాలుగో తారీఖు దాకా మనిషి కనపడడు. ఐదో తారీఖున వచ్చి కాళ్ల మీద పడతాడు. ఏ పట్టీ పెట్టి ఇతన్ని పట్టుకోమంటారు? ఒకటో తారీఖున పరీక్ష చేస్తే గంగాజలమంత స్వచ్ఛంగా ఉంటాడు!

జీతం వారం వారం ఇవ్వడం మొదలుపెట్టాను. సగం అతని చేతికి, సగం అతను ఒప్పుకుని చెప్పిన ప్రకారం భార్య ఖాతాకు. మూడు రోజులు మాయమయ్యేవాడు ఒక పూట మాయమవుతున్నాడు. అంతవరకే నా విజయం.

---

సూక్ష్మదర్శిని | శనివారం, రాత్రి 8.55

ల్యాబులో పని చేస్తాను. పట్టీ అంటే చాలామందికి ఉన్న అభిప్రాయం తప్పు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

గంజాయి పట్టీ వెతికేది మత్తు కలిగించే టీహెచ్‌సీని కాదు. దాన్ని కాలేయం విరగ్గొట్టాక మిగిలే వ్యర్థాన్ని. ఆ వ్యర్థం కొవ్వులో దాక్కుని మెల్లగా బయటికి వస్తుంది. ఎప్పుడో ఒకసారి తాగినవాడికి మూడు రోజుల దాకా, రోజూ తాగేవాడికి నెల దాకా, ఒక్కోసారి ఆ పైన కూడా కనిపిస్తుంది. కాబట్టి తాగడం మానేసి మూడు వారాలైనవాడు తప్పవచ్చు. నిన్న రాత్రి సీసా ఖాళీ చేసి చేతులు వణుకుతూ వచ్చినవాడు నెగ్గవచ్చు. లాలాజలం పరీక్ష ఒకటి రెండు రోజుల సంగతి చెబుతుంది, వెంట్రుకల పరీక్ష మూడు నెలల సంగతి చెబుతుంది. ఈ క్షణాన ఈ మనిషి మత్తులో ఉన్నాడా అన్నది మాత్రం మూత్రం చెప్పదు.

పట్టీలకు ఒక గీటు, అంటే హద్దు, ఉంటుంది. గంజాయికి సాధారణంగా మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు. అది దాటితే అనుమానం, అంతే. ఆ నమూనానే యంత్రం మీద పెట్టి, 15 నానోగ్రాముల గీటుతో నిర్ధారించాకే అవునని రాస్తాం. పట్టీ ధర కొద్ది రూపాయలు, యంత్రం పరీక్ష వేలల్లో ఉంటుంది. అందరూ మొదటిది చేసి ఆగిపోయేది అందుకే.

మోసాలూ ఉంటాయి. కడుపునిండా నీళ్లు తాగి వస్తారు, పక్కవాడి సీసా తెస్తారు. అందుకే మేం తీసుకున్న నాలుగు నిమిషాల్లోపు నమూనా వేడి చూస్తాం, మూత్రం నీళ్లతో పలచబడిందేమో చెప్పే క్రియాటినిన్ చూస్తాం. హోటలు మరుగుదొడ్డి దగ్గర నిలబడి మేనేజరు ఇవి చూస్తాడా?

నల్లమందు జాతికి పరీక్ష పెట్టాలనుకునేవాళ్లకు ఇంకో హెచ్చరిక. గసగసాలు.

---

గరిటె_మాస్టర్ | శనివారం, రాత్రి 9.10

గసగసాలా? నా కోడికూర మసాలాలోకి వస్తున్నారా?

---

సూక్ష్మదర్శిని | శనివారం, రాత్రి 9.24

వస్తున్నాను మాస్టరు గారూ. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. వాటి మీద మార్ఫిన్ చాలా కొద్దిగా అంటుకుని ఉంటుంది. మత్తు రాదు, కానీ పట్టీకి ఆ తేడా తెలియదు. అమెరికాలో గసగసాల రొట్టె తిని ఉద్యోగాలు పోగొట్టుకున్న గొడవల వల్లనే 1998లో అక్కడి ప్రభుత్వ పరీక్షల్లో గీటును 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచారు. బజారులో దొరికే పట్టీలు కొన్ని ఇంకా 300 దగ్గరే ఉన్నాయి. కొబ్బరి, గసగసాలు నూరి పోసిన కూర రాత్రి గట్టిగా లాగించినవాడు పొద్దున దొరికిపోవచ్చు. కోడైన్ ఉన్న దగ్గు మందు తాగినా అంతే.

---

గరిటె_మాస్టర్ | శనివారం, రాత్రి 9.31

అయితే ఉద్యోగానికి వచ్చినవాడికి మన హోటలు కూరే పెట్టి, మన హోటల్లోనే పరీక్ష చేసి, మన హోటలు నుంచే గెంటవచ్చన్నమాట.

---

తెల్లకోటు_అక్క | శనివారం, రాత్రి 10.15

నర్సుగా ఇరవై రెండేళ్లు. గరిటె మాస్టరు గారి మాటకు నవ్వాను గానీ, ఇందులో నవ్వులాట కానిది ఒకటుంది.

పది పన్నెండు రకాల మందులను ఒకేసారి వెతికే కిట్లు వస్తున్నాయి. అందులో బార్బిట్యురేట్లు (నిద్రకు, మూర్ఛకు వాడే మందుల జాతి) అని ఒక గడి ఉంటుంది. మూర్ఛకు ఫినోబార్బిటోన్ వేసుకునే మనిషి ఆ గడిలో దొరుకుతాడు. అతను మత్తుకు బానిస కాదు, రోజూ మాత్ర వేసుకునే బుద్ధిమంతుడు. మీ పరీక్ష అతని జబ్బును పదిమందిలో పెడుతుంది. మందులేమైనా వాడుతున్నారా అని ముందే, ఏకాంతంగా, డాక్టరు అడగాలి. మేనేజరు కాదు.

గాజువాక అమ్మా, మీ వంటమనిషి గురించి ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగేవాణ్ణి ఒక్కసారిగా మాన్పించకండి. మానిన ఆరు గంటల నుంచి రెండు రోజుల్లోపు ఫిట్సు రావచ్చు. పొయ్యి పక్కన వస్తే ఏమవుతుందో చెప్పక్కరలేదు. డాక్టరు దగ్గరే మాన్పించాలి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకువెళ్లి చూపించండి, పిచ్చాసుపత్రి అని సిగ్గుపడకండి. 14446కు ఫోను చేసినా దారి చెబుతారు, ఖర్చు లేదు. గంజాయి అమ్ముతున్నారని ఫిర్యాదు చేయాలంటే అది వేరే నంబరు, రాష్ట్ర పోలీసుల మత్తు నిరోధక విభాగం ఈగల్‌ది, 1972. ఈ రెండూ కలిపేయకండి. సాయం కోసం చూస్తున్నవాడు పోలీసు నంబరు చూస్తే పారిపోతాడు.

ఇక అందరినీ ఒకటి అడుగుతాను. ఆహార భద్రత నియమాల్లో, 2011 నాటి నిబంధనల నాలుగో షెడ్యూలులో, తిండి ముట్టుకునే ప్రతి మనిషికీ ఏటా వైద్య పరీక్ష చేయించాలని ఉంది. చర్మం, కళ్లు, అంటురోగాలు చూడాలి. టైఫాయిడ్ జాతి జ్వరాలకు టీకా వేయించాలి. ఇవి తప్పనిసరి. గంజాయి తాగినవాడు వండిన కూర తింటే గంజాయి ఎక్కదు. టైఫాయిడ్ క్రిములు మోస్తున్నవాడు సబ్బు లేకుండా చేతులు కడుక్కుని వచ్చి చట్నీ కలిపితే ఏమవుతుంది? ఈ చర్చలో ఉన్న యజమానుల్లో ఎంతమంది దగ్గర పనివాళ్లందరి కాగితాలూ ఉన్నాయి?

---

డాబాగార్డెన్స్_47 | శనివారం, రాత్రి 10.40

మా దగ్గర ఆరుగురివి ఉన్నాయి. పనివాళ్లు పదిహేను మంది. అబద్ధం ఎందుకు.

---

గాజువాక_కర్రీ_పాయింట్ | శనివారం, రాత్రి 10.52

నా దగ్గర ఉన్నవి లైసెన్సు కోసం ఒకే రోజు, ఒకే కలంతో రాసినవి. డాక్టరు మా వాళ్ల ముఖాలు కూడా చూడలేదు. అక్కా, ఆ ఫిట్సు మాట ముందే చెప్పారు, చాలా మేలు చేశారు. సోమవారమే తీసుకెళ్తాను.

---

సూక్ష్మదర్శిని | ఆదివారం, ఉదయం 8.30

ఇసుకతోట గారూ, రాత్రంతా ఒకటి తొలుస్తోంది. ఐదుగురిలో నలుగురు తప్పడం నేను ల్యాబులో ఎప్పుడూ చూడలేదు. ఒక్క ప్రశ్న. మీ మేనేజరు ఆ పట్టీని ఎలా చదివాడు? తప్పినవాళ్ల పట్టీ మీద ఎన్ని గీతలు వచ్చాయి?

---

ఇసుకతోట_హోటలు | ఆదివారం, ఉదయం 9.15

రెండు గీతలు. నెగ్గినవాడికి ఒక్కటే. ఎందుకు?

---

సూక్ష్మదర్శిని | ఆదివారం, ఉదయం 9.18

అయ్యో.

గర్భం పరీక్షలో రెండు గీతలు వస్తే ఉన్నట్టు. మత్తు పట్టీ దానికి తిరగేసి పనిచేస్తుంది. మూత్రంలో మత్తు పదార్థం లేకపోతేనే రెండో గీత వస్తుంది. మత్తు పదార్థం ఉంటే ఆ గీతను రానివ్వదు. రెండు గీతలంటే ఏమీ లేదని అర్థం. రెండోది వెలసిపోయినట్టు పలచగా వచ్చినా లేనట్టే లెక్క. పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద బొమ్మ వేసి ఉంటుంది, దయచేసి చూడండి.

---

గరిటె_మాస్టర్ | ఆదివారం, ఉదయం 9.40

అంటే ఏమీ వాడని నలుగురిని గెంటేసి, వాడాడేమో అన్న ఒక్కణ్ణి ఏరి కోరి తెచ్చుకున్నారు.

---

వాల్తేరు_ప్లీడరు | ఆదివారం, ఉదయం 10.05

ఆ ఒక్కడి మీద కూడా ఇప్పుడే ఏ చర్యా తీసుకోకండి. నిర్ధారణ లేదు, రాతపూర్వక ఒప్పుకోలు లేదు. నలుగురికి ఏ కారణం చెప్పి పంపారో అది ముఖ్యం. పదిమందిలో చెప్పారా?

---

పాడేరు_కాఫీ | ఆదివారం, ఉదయం 10.20

ఆ నలుగురిలో మా వైపు వాళ్లు ఎందరు?

---

ఇసుకతోట_హోటలు | మంగళవారం, రాత్రి 11.30

రెండు రోజులు ఇటు రాలేదు. తల ఎత్తుకోలేక.

ఆదివారం హోటలుకు వెళ్లగానే మేనేజరును పిలిచి, పెట్టె తెప్పించి, పట్టీ ఒకటి అతని చేతిలోనే పెట్టాను. అతను అయ్యప్ప దీక్షలో ఉన్నాడు, టీ కూడా మానేశాడు. ఐదు నిమిషాలకు రెండు గీతలు వచ్చాయి. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాగితం విప్పి బొమ్మ చూపించాక కుర్చీలో కూలబడ్డాడు. మూడు నెలల క్రితం వాళ్ల ఇంట్లో శుభవార్త తెలిసింది, ఆ పట్టీ ఒక్కటే అతనికి తెలుసట.

నలుగురికీ నేనే ఫోను చేశాను. ఒకతను అప్పటికే రుషికొండ వైపు వేరే హోటల్లో చేరాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఒకరి ఫోను మోగుతోంది గానీ తీయడం లేదు. మూడో కుర్రాడిది శ్రీకాకుళం జిల్లా. వాళ్లన్నయ్య ఫోను తీసుకుని, నా తమ్ముణ్ణి మీ క్యాషు కౌంటరు దగ్గర నిలబెట్టి గంజాయివాడివి అన్నారట కదా, ఇప్పుడు అదే కౌంటరు దగ్గర నిలబడి క్షమించమని చెప్పగలరా అన్నాడు. చెబుతానన్నాను. రమ్మన్నాను. ఇంకా రాలేదు. ప్లీడరు గారూ, అవును, పదిమందిలోనే చెప్పాం.

నాలుగో అతనిది చింతపల్లి, పాడేరు గారూ. అతను వచ్చాడు. నిన్నటి నుంచి కటింగులో ఉన్నాడు. నాతో ఇంతవరకూ మాట్లాడలేదు, పని మాత్రం చేస్తున్నాడు.

మాస్టరు గారూ, ఆ రోజు హాజరు పుస్తకం తీసి చూశాను. నూనె ఒలకబోసిన హెల్పర్ అంతకుముందు తొమ్మిది రోజులుగా సెలవు లేకుండా ఉన్నాడు. బాండీ ఒక్కడే దించాడు. అతని కొత్త నంబరు ఎవరి దగ్గరా లేదు.

గది సంగతి. తాళం నా దగ్గరే ఉండేలా మార్చడం కాదు గానీ, వారానికి ఒకసారి నేనే వెళ్లి చూస్తున్నాను. పడుకునేది తొమ్మిది మంది, ఫ్యాను ఒక్కటే ఉంది. అదీ ఇప్పుడే తెలిసింది.

---

తెల్లకోటు_అక్క | మంగళవారం, రాత్రి 11.48

మరి ఆ ఒంటి గీత కుర్రాడు?

---

ఇసుకతోట_హోటలు | బుధవారం, ఉదయం 6.40

నిన్న రాయాలా వద్దా అని ఆగాను. అతను వచ్చి వారం కావస్తోంది. ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. పూర్ణా మార్కెట్‌కు పంపితే చిల్లర లెక్క పైసలతో సహా అప్పగిస్తాడు. ఏమీ అడగలేదు. అడగాలో, అడిగితే ఏమని మొదలుపెట్టాలో తోచడం లేదు. ఇప్పుడు కూడా వెనక వైపు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు, నేను బిల్లు బల్ల దగ్గరి నుంచి చూస్తున్నాను.

పెట్టెలో ఇంకా పందొమ్మిది పట్టీలు ఉన్నాయి. తెరిచిన పెట్టె వెనక్కి తీసుకోమన్నారు. టైఫాయిడ్ టీకాలు మా ఇరవై నాలుగు మందికీ హోటలుకే వచ్చి వేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మంగళవారం మధ్యాహ్నం మూడు తర్వాత అయితే వీలు, అప్పుడు పొయ్యిలు ఖాళీ.

---

డాబాగార్డెన్స్_47 | బుధవారం, ఉదయం 7.02

వస్తే మా పదిహేను మందినీ కలుపుకోండి. ఖర్చులో మా వాటా నేను ఇస్తాను.